రెండు రోజుల రంగు, మూడు నెలల గోడ

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వారాంతపు అనుబంధంలో, ఇంటిని సొంతంగా బాగుచేసుకునే కుటుంబాల గురించి వచ్చే శీర్షికను మా ఇంట్లో అందరం చదువుతాం. వెలిసిపోయిన గది ఫొటో ఒకటి, దాని పక్కనే మెరిసిపోతున్న అదే గది ఫొటో ఒకటి, చేతులకు రంగు పూసుకుని నవ్వుతున్న తల్లిదండ్రులూ పిల్లలూ చూడముచ్చటగా ఉంటారు. కిందటేడు మేమూ ఆ ఉత్సాహంతోనే పనికి దిగాం. ఆ ఫొటోలు మీరు వేస్తూనే ఉండాలని నా కోరిక. కానీ ఆ రెండు ఫొటోల నడుమ గడిచిన కాలం వ్యాసంలో ఎక్కడా కనిపించదు. మొత్తం ఎన్ని రోజులు పట్టింది, అందులో ఎన్ని రోజులు చేతులు కట్టుకుని ఎదురుచూశారు, ఏ పని తమవల్ల కాదని వదిలేశారు అన్నది తెలియకుండా చదివిన కుటుంబం మేం చేసిన పొరపాటే చేస్తుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పడకగదిలో ఒక గోడ అడుగున, నేల నుంచి మోకాలెత్తు వరకు, రంగు పొక్కులు లేచి ఉండేది. ఒక శనివారం పొద్దున నలుగురం కూర్చుని ఆ పొక్కులు గీకి, గరుకు కాగితంతో రుద్ది, పుట్టీ పెట్టాం. మధ్యాహ్నానికి చేతికి అంటడం లేదు కాబట్టి ఆరిపోయిందనుకుని సాయంత్రం రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత కొట్టాం. ఆదివారం లేత నీలం రెండు పూతలు వేశాం. అబ్బాయి రోలర్ పట్టాడు, అమ్మాయి కిటికీ అంచుల వెంట చిన్న కుంచెతో ఓపికగా గీత దిద్దింది, నా భార్య నేల మీద పడిన చుక్కలను ఆరకముందే తుడుస్తూ మా ముగ్గురి తప్పులూ పట్టింది. ఆ రాత్రి మేమూ ఫొటో తీసుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే అదే చోట మళ్లీ పొక్కు లేచింది. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగబడి పగిలింది, ఉప్పులాంటి తెల్లని పొడి గోటి సందులో చేరింది. కాస్త లాగేసరికి పుట్టీ పెచ్చుగా ఊడి అరచేతిలోకి వచ్చింది. దాని వెనకవైపు తడిగా ఉంది, ముందువైపు మేం వేసిన నీలం మాత్రం చెక్కుచెదరలేదు. అంత మంచి రంగును తడిగోడకు అంటించామన్నమాట.

ఆ తెల్లపొడి సంగతి ముందే తెలిసి ఉంటే మాకు ఒక ఏడుపు తప్పేది. ఇటుకలోను, సిమెంటులోను సహజంగానే కొన్ని లవణాలు ఉంటాయి. గోడలోకి చేరిన నీరు వాటిని కరిగించుకుని బయటి ముఖం దాకా వస్తుంది. అక్కడ నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అలా పేరుకున్న ఉప్పు స్ఫటికాలు రంగు పొరను, ఒక్కోసారి గోడ పూతను కూడా, వెనక నుంచి నెట్టేస్తాయి. దాని మీద చెమ్మను ఆపే ఖరీదైన రంగు వేసినా ఒరిగేది తక్కువే, ఎందుకంటే నీరు లోపలికి వచ్చే దారి మూయకుండా బయటికి పోయే దారి మూస్తే, అది మరికొంత పైకి పాకి ఇంకోచోట తేలుతుంది.

కాబట్టి రెండోసారి గోడ జోలికి వెళ్లే ముందు నీరు ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోవాలనుకున్నాం. ఇందుకు మా మామగారు చెప్పిన పరీక్ష చాలా చవకైనది. రంగు గీకేసిన చోట మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని పరిచి, నాలుగు అంచులా గాలి చొరబడకుండా టేపు వేసి, 24 గంటలు వదిలేయాలి. నీటి బిందువులు కాగితానికి గదివైపు కనిపిస్తే గది గాలిలోని తేమ చల్లని గోడ దగ్గర నీరవుతోందని అర్థం, కిటికీలు తెరిచి గాలి ఆడేలా చూసుకుంటే సగం సమస్య తీరుతుంది. బిందువులు గోడవైపు ఉంటే నీరు గోడలోనే ఉందన్నమాట. మరునాడు పొద్దున పిల్లలిద్దరూ నాకంటే ముందే లేచి ఆ కాగితం ముందు కూర్చున్నారు. గోడవైపే చెమటపట్టినట్టు సన్నని చినుకులు కట్టి ఉన్నాయి. అబ్బాయి ఏమీ మాట్లాడకుండా లేచి, ఆ గోడకు అవతలివైపున్న స్నానాల గదిలోకి వెళ్లి, టైల్స్ సందులను వేలితో తడుముతూ నిలబడ్డాడు. పన్నెండేళ్ల వాడికి తట్టిన ఆ సంగతి మొదటి శనివారం నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ చెప్పలేను.

టైల్స్ సందులను నింపే గ్రౌట్ అనే పూడిక చాలా చోట్ల రాలిపోయి ఉంది. గోడా నేలా కలిసే మూల మొత్తం జుట్టులాంటి సన్నని పగులు. ఆ మూలలో మామూలు గ్రౌట్ నిలవదు, గోడ, నేల వేర్వేరుగా కాస్త కదులుతూ ఉంటాయి కాబట్టి అక్కడ సాగే గుణమున్న సిలికాన్ పెట్టాలి. పాత గ్రౌట్‌ను గీకి తీయడానికి నాకూ నా భార్యకూ మూడు సాయంత్రాలు పట్టింది. ఒళ్లు హూనమయ్యే పని, ఫొటోలో ఏమీ కనిపించని పని. గోడలోపలి గొట్టం అతుకు దగ్గర కూడా కొద్దిగా కారుతోందని అనుమానం వచ్చి ప్లంబర్‌ను పిలిచాం. ఆయన అతుకు మార్చి, గోడ మూయకుండా రెండు రోజులు చూడమని చెప్పి వెళ్లారు.

ఆ తరువాత పడకగది వైపు పాడైన సిమెంటు పూతను ఇటుక కనబడే దాకా కొట్టేసి, ఇటుకను కొన్ని వారాలు ఆరనిచ్చి, మళ్లీ ఆ ప్లాస్టిక్ కాగితం పరీక్షే చేసి, కాగితం పొడిగా వచ్చాకే కొత్త పూతకు సిద్ధమయ్యాం. సిమెంటు ఎండి గట్టిపడుతుందని నేను యాభై ఏళ్లుగా నమ్ముతూ వచ్చాను. నిజానికి సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది, ఆ చర్యకు నీరు చాలకుండా ముందే ఎండిపోతే అది బలహీనంగా, పొడిపొడిగా మిగులుతుంది. కొత్త పూతకు కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలనడం అందుకే. మేస్త్రీలు కాంక్రీటు బలాన్ని 28 రోజుల లెక్కన చెప్పేదీ ఈ చర్య నెమ్మదిగా సాగుతుంది కాబట్టే. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక కలిపి, అరగంటలో వాడగలిగినంత మాలు మాత్రమే తయారుచేసుకుని, బద్దతో లాగి, తాపీతో నునుపు చేశాం. రసమట్టం పెట్టి చూస్తే మధ్యలో కాస్త పొట్ట వచ్చింది, అది ఇప్పటికీ ఉంది. రబ్బరు తొడుగులు లేకుండా మాలు ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పి నేనే మరిచిపోయాను. తడి సిమెంటు గాఢమైన క్షారం, వేళ్ల సందుల్లో చర్మం నాలుగు రోజులు మండింది. ఆ వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోడకు నీళ్లు చిలకరించే బాధ్యత పిల్లలది.

అప్పటికి గోడ చూడడానికి బూడిదరంగులో, మచ్చలు మచ్చలుగా, ఇంటికి వచ్చినవాళ్లు అడిగి తీరేలా ఉండేది. అయినా ఇంకో నాలుగు వారాలు దాన్ని ముట్టుకోలేదు. క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ విలువ కొత్త సిమెంటు పూతకు 12 దాటి ఉంటుంది. అది సరిగా ఆరకముందే రంగు వేస్తే ఆ క్షారం రంగును విరిచేస్తుంది, మచ్చలు తేలుస్తుంది. ఆరాక కూడా క్షారాన్ని తట్టుకునే ప్రైమరే వేయాలి. ఇంటి పని అంటే సుత్తి, కుంచె అనుకున్న నాకు, ఏమీ చేయకుండా ఉండడం ఆ జాబితాలో అన్నిటికంటే కష్టమైన పని అని ఈ నాలుగు వారాల్లోనే తెలిసింది. అమ్మాయి క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ వచ్చింది. చివరికి మొదటి పెచ్చు ఊడిన రోజు నుంచి లెక్కవేస్తే 3 నెలలు పట్టింది. అందులో కుంచె, రోలర్ చేతపట్టింది సరిగ్గా 2 రోజులు. మీ శీర్షికలో వచ్చే వ్యాసాలన్నీ ఆ 2 రోజుల గురించే.

ఆలస్యం ఒక ఎత్తు, ప్రమాదం మరో ఎత్తు. పాత ఇళ్ల తలుపులకు, కిటికీలకు ఉన్న రంగు పొరల్లో సీసం అనే విషలోహం ఉండే అవకాశం ఉంది. ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు, తెల్ల సీసం రంగుల వాడకంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒడంబడిక చేసింది. అమెరికా 1978లో ఇళ్లకు వేసే సీసపు రంగులను నిషేధించింది. అయినా పాత పూతలు గోడల మీద అలాగే ఉన్నాయి. వాటిని పొడిగా రుద్దితే లేచే ధూళి పిల్లలకు ఎక్కువ హాని చేస్తుంది, హాని లేని మోతాదు అంటూ సీసం విషయంలో తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెచ్చులూడకుండా గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగును కదపకుండా దాని మీదే కొత్త పూత వేసుకోవడం మంచిది. రుద్దక తప్పనిచోట తడిపి, వాటర్ పేపర్‌తో రుద్ది, ముక్కుకు గుడ్డ కాకుండా ఎన్95 మాస్కు పెట్టుకుని, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. మొదటి శనివారం పొక్కులు గీకినప్పుడు మా పిల్లలు మాస్కుల్లేకుండా మా పక్కనే కూర్చున్నారు. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

విద్యుత్తు విషయంలో త్రుటిలో తప్పించుకున్నాం. అమ్మాయి పుస్తకాల అలమర స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైన కావాలంది. నేను ఆ గది దీపం స్విచ్ ఆపేసి, కరెంటు పోయిందనుకుని డ్రిల్లు ఎత్తాను. స్విచ్ ఆపితే ఆ ఒక్క దీపానికి వెళ్లే దారి మాత్రమే తెగుతుంది, బోర్డుకు వచ్చే తీగలో కరెంటు అలాగే ఉంటుంది. ఆ తీగలు సాధారణంగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి వెళతాయి, అంటే నేను బొక్క పెట్టబోయిన చోటే. నా భార్య వచ్చి మెయిన్ ఆపేసింది. కరెంటు మితిమీరితే తనంతట తానే తెగిపోయే స్విచ్, ఎంసీబీ ఉంది కదా అన్నాను, అదీ అజ్ఞానమే. 16 ఆంపియర్ల ఎంసీబీ తీగలు వేడెక్కి కాలిపోకుండా కాపాడుతుంది, మనిషి ప్రాణం తీయడానికి అందులో ఐదు వందలవ వంతు కరెంటు కూడా చాలు. మనుషుల కోసం పెట్టేది, వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీఆంపియర్ల తేడాకే తెగిపోయే ఆర్‌సీసీబీ అనే స్విచ్. దాని మీద ఉండే పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడాలని తయారీదారులే చెబుతారు. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఎప్పుడూ నొక్కలేదు. రెండు గదుల మధ్య గోడ తీసేద్దామన్న అబ్బాయి కోరికను మాత్రం చర్చ లేకుండానే పక్కన పెట్టాం. గోడ మందం చూసో, తట్టి వినో అది పైబరువు మోస్తోందో లేదో తేల్చలేం, అది స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పవలసిన మాట.

ఇంత చెప్పాక, అయితే పనివాళ్లను పిలుచుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి నా జవాబు అమ్మాయి పుస్తకాల అలమరే. దాన్ని చివరికి బోర్డుకు దూరంగా బిగించాం, ఒక కొస అరంగుళం దిగినట్టే ఉంటుంది, పెన్సిలు పెడితే దొర్లుతుంది. దాన్ని సరిచేయడానికి అమ్మాయి ఒప్పుకోవడం లేదు. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు తాము బిగించిన పెట్టెలకు, తాము మడిచిన కాగితపు బొమ్మలకు ఇతరులకంటే ఎక్కువ విలువ కడతారని తేలింది. అయితే పని సగంలో ఆగిపోతే, లేదా చేసినదాన్ని విప్పేస్తే ఆ మమకారం కనబడలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. మొదటి పెచ్చు ఊడిన సాయంత్రం మా ఇంట్లో నలుగురి ముఖాలు చూసిన నాకు ఆ రెండో మాట మీద అనుమానం లేదు. ఆ రాత్రే అబ్బాయి, ఇక ఇలాంటి పనులకు నన్ను పిలవొద్దు నాన్నా అన్నాడు.

కాబట్టి మీకు నా మనవి చిన్నది. ఇలాంటి కథనం వేసినప్పుడల్లా దాని కింద నాలుగు పంక్తులు చేర్చండి: మొత్తం ఎన్ని రోజులు, అందులో ఆరడానికి వదిలినవి ఎన్ని, ఏ పని తెలిసినవాళ్లకు అప్పగించారు, ఏ పని రెండోసారి చేయవలసి వచ్చింది. వీలైతే ముందు, తరువాత ఫొటోలతో పాటు ఏడాది గడిచాక తీసిన మూడో ఫొటో కూడా అడిగి వేయండి. ఈ ఉత్తరంతో ఆ మొదటి ఆదివారం రాత్రి తీసుకున్న ఫొటోను, ఊడిన పెచ్చు ఫొటోను పంపుతున్నాను. కొత్త గోడకు ఇప్పటికి నాలుగు నెలలే కనుక దాని ఫొటో ఇప్పుడు పంపడం లేదు. ఏడాది నిండాక, అది ఎలా ఉంటే అలాగే తీసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు