చేర్చుకోకపోతే ఆ మాట రాసి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి ఏడేళ్లు. మూడో ఏట ఆటిజం ఉన్నట్టు నిర్ధారణ అయింది. కిందటి వేసవిలో విశాఖలో మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా నాలుగు ప్రైవేటు బడుల గడప తొక్కాం. ‘చేర్చుకోలేం’ అని ఎవరూ కాగితం మీద రాయలేదు. ‘మా దగ్గర అలాంటి పిల్లలకు సదుపాయాలు లేవమ్మా, బాబుకే ఇబ్బంది’ అని మర్యాదగానే చెప్పి పంపేశారు. ఒకచోట మాత్రం, వాడి పక్కన కూర్చోవడానికి మేమే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటే ఆలోచిస్తామన్నారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రవేశాల్లో పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ లాంటి వడపోత పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయలు, ఆపైన ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ, చదవడం రాయడంలో తలెత్తే అభ్యసన లోపాలనూ చేర్చి, గుర్తింపు పొందిన బడులు ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకుని, ఎవరి అవసరాన్ని బట్టి వారికి తగిన సర్దుబాట్లు చేయాలని చెబుతోంది. అయితే నోటిమాటగా జరిగిన తిరస్కరణకు సాక్ష్యం ఎక్కడుంటుంది? ఏం చూపించి ఫిర్యాదు చేయాలి?

చివరకు మా వీధి చివరి చిన్న బడిలో చేర్చుకున్నారు. మొదట్లో గంట మోగగానే వాడు చెవులు మూసుకుని బల్ల కిందకు దూరిపోయేవాడు. పదకొండింటికల్లా నాకు ఫోను వచ్చేది. నేను ఉద్యోగం మానుకున్నది ఆ ఫోను వల్లే. (అతిగారాబం చేశారనీ, సెల్లు అలవాటు చేశారనీ బంధువులు అనే మాటలకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. ఆటిజం పెంపకం వల్ల వచ్చేది కాదు.) తరువాత క్లాసు టీచరు ఒక పాత శుభలేఖ వెనక ఎర్రరంగు పూసి, గంట మోగడానికి రెండు నిమిషాల ముందు వాడి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. అది చూడగానే వాడే చెవులు మూసుకుని పది లెక్కపెడతాడు. మూడు వారాల్లో బల్ల కిందకు వెళ్లడం మానేశాడు.

ఆ టీచరు ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవారు కారు. నలభై మంది పిల్లల మధ్య ఆమె చూపిన ఓపికకు చేతులెత్తి దండం పెడతాను గానీ, ఒక పిల్లవాడి చదువు టీచరు మంచితనం మీద ఆధారపడకూడదు. ఇలాంటి పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ప్రభుత్వ బడుల పిల్లలకు మండలాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు శిక్షణనిచ్చే భవిత కేంద్రాలైనా ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో ఈ లెక్క అడిగేవారు ఎవరు?

ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకానికి సమయం పడుతుందని నాకు తెలుసు. కాగితానికి పట్టదు. విశాఖ జిల్లాలో ఏ బడి అయినా ఒక పిల్లవాణ్ని చేర్చుకోకపోతే ఆ సంగతిని కారణంతో, తేదీతో, ప్రధానోపాధ్యాయుల సంతకంతో తల్లిదండ్రులకు రాసి ఇవ్వాలనీ, దాని ప్రతి ఒకటి విద్యాశాఖ కార్యాలయానికి పంపాలనీ జిల్లా విద్యాశాఖాధికారి ఈ జూన్‌లో బడులు తెరిచేలోగా ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక తల్లి, మద్దిలపాలెం, విశాఖపట్నం