ఓటు లేని పెద్దాయనకి, మిగతా అందరికీ

నిన్న, 2021 మార్చి 18న, మన విశాఖ నగరానికి మేయర్ వచ్చారు. 11వ వార్డు కార్పొరేటరు గొలగాని హరి వెంకట కుమారి గారు. ఆవిడకి శుభాకాంక్షలు. ఈ కార్పొరేషన్ ఎన్నికల్లో మేం పనిచేసిన అభ్యర్థి ఓడిపోయారు కదా, మొక్కుబడిగా అంటోందనుకోకండి. 2012 ఫిబ్రవరిలో పాత పాలకవర్గం గడువు అయిపోయాక తొమ్మిదేళ్ళపాటు ఈ ఊరికి మేయరూ లేరు, కార్పొరేటర్లూ లేరు. స్పెషలాఫీసర్లతోనే నడిచింది. మురిక్కాలవ పొంగితే అర్జీ ఎవరి చేతిలో పెట్టాలో తెలియక తిరిగిన నాలాంటిదానికి ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవడమే చాలా పెద్ద సంగతి.

అయితే ఇది రాస్తున్నది అందుకు కాదు, థ్యాంక్స్ చెప్పడానికి. కాళ్ళు ఇంకా పీకుతున్నాయి, గొంతు బొంగురు తగ్గలేదు. వరస తప్పితే సర్దుకుని చదువుకోండి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నేను ప్రభుత్వ వార్డు వాలంటీర్ని కాదు. కంచరపాలెం వైపు కొండవాలు కాలనీల్లో కుళాయి నీళ్ళ గొడవల మీద తిరిగే కొందరం ఒక ఇండిపెండెంట్ తరఫున పనిచేశాం. నామినేషన్ 2020 మార్చిలో వేసిందే. కరోనాతో ఎన్నిక ఆగిపోయి, ఏడాది తర్వాత ఆగిన చోటునుంచే మళ్ళీ మొదలైంది. ఈలోగా మేం రాయించుకున్న గోడలు సగం వెలిసిపోయాయి. డబ్బు ముందే లేదు.

ఇంట్లోవాళ్ళ సంగతి: మావారు వంట చేశారు, అత్తగారు పిల్లల్ని చూసుకున్నారు, తమ్ముడు బండికి పెట్రోలు పోయించాడు. వాళ్ళకి ఇక్కడ కృతజ్ఞతలు చెప్తే "ఇదేటి కొత్తగా" అని నవ్వుతారు. వదిలేద్దాం.

నేను చెప్పాలనుకుంటున్నది ఒక పెద్దాయన గురించి.

మార్చి 10, బుధవారం. పొద్దున్న ఏడింటికి పోలింగ్ మొదలు. స్కూలుకి దూరంగా, సున్నం గీతకి అవతల, ఎవరి టేబుల్ వాళ్ళు వేసుకున్నారు. పెద్ద పార్టీలవాళ్ళకి షామియానా, కుర్చీలు, లిస్టులు చూడటానికి నలుగురేసి కుర్రాళ్ళు. మాకు ఒక మడతబల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, జెరాక్స్ తీయించిన ఓటర్ల జాబితా ఒకటి. ఓటరు వచ్చి పేరు చెప్తే జాబితాలో వెతికి, క్రమసంఖ్య, పోలింగ్ కేంద్రం నంబరు తెల్ల చీటీ మీద రాసివ్వాలి. చెప్పడానికి ఇంతే. ఎనిమిదయ్యేసరికి మా బల్ల ముందు గుంపు, లోపల మేం కాగితాలు తిప్పుతూనే ఉన్నాం. తల్లి పేరు మూడో పేజీలో, కూతురి పేరు ముప్పయ్యో పేజీలో. మొగుడిది ఈ స్కూలు, పెళ్ళానిది కొండకి అవతల స్కూలు. డోర్ నంబర్ల వరసలో ఉంటుందనుకున్న జాబితా ఏ వరసలో ఉందో అచ్చువేసినవాళ్ళకే తెలియాలి.

అప్పుడు వచ్చారాయన. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మాస్కు, జేబులో కళ్ళజోడు, చేతిలో ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఓటరు కార్డు. మేం వెతికాం, లేదు. పక్క టేబుళ్ళ దగ్గరికి వెళ్ళారు. అక్కడా లేదు. లోపలికి వెళ్ళి అధికారులని అడిగి వచ్చారు. లేదు. 2019లో ఇదే స్కూల్లో ఓటేశారట. అప్పటికీ ఇప్పటికీ ఇల్లు మారలేదు, మనిషి మారలేదు, కార్డు మారలేదు.

ఆయన స్థానంలో నేనుంటే అక్కడే రెండు కేకలేసి ఇంటికి పోయేదాన్ని. ఆయన మా బల్ల పక్కన కాసేపు నిలబడ్డారు. మేం ఒక ముసలావిడ పేరు కోసం కిందా మీదా పడుతుంటే చూసి, "నా ఓటు నేదు గానీ ఆవిడదైనా ఉన్నాదేమో సూద్దాం. ఆ లిస్టు ఇలాగ ఇయ్యమ్మా" అన్నారు.

ఇచ్చాను. కూర్చున్నారు. సాయంత్రం అయిదు దాకా లేవలేదు.

ముందు ఆయన చేసిన పని ఓటర్లని కాసేపు ఆగమనడం. గుంపులో విసుగు, నాకు కంగారు. ఆయన పెన్సిలు అడిగి తీసుకుని, ఒక్కో పేజీ అంచున ఆ పేజీలో ఏ డోర్ నంబర్లు ఉన్నాయో రాసుకుంటూ వెళ్ళారు. ఒక తెల్లకాగితం మీద కొండ పైలైను, నడిమిలైను, కిందలైను అని మూడు గళ్ళు గీసి, ఏ లైను ఇళ్ళు ఏ పేజీల్లో చెదిరి ఉన్నాయో ఎక్కించారు. అరగంట పట్టిందేమో. ఆ తర్వాత ఇంటి నంబరు చెప్పిన వెంటనే ఆయన వేలు ఆ పేజీ మీదే ఉండేది. పెద్ద పార్టీల టేబుళ్ళ దగ్గర దొరకనివాళ్ళు కూడా మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళు ఎవరికి ఓటేస్తారో ముఖం చూస్తేనే తెలుస్తోంది. మా కుర్రాడొకడు ఆయన చెవిలో ఆ మాటే ఊదాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "అయితే ఏటి?" అన్నారు. చీటీ రాసిచ్చారు.

మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికినప్పుడు తెలిసింది, ఆయన పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారని. "ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టేవోణ్ణమ్మా. బస్తాకి పేరుండదు, అయినా ఒక్కటి తగ్గితే రాత్రంతా నిలబెట్టి వెతికించీవోరు. మనిషికి పేరున్నాది, ఇల్లున్నాది, కార్డున్నాది. దొరక్కపోవడమేటి?" అన్నారు. కోపంగా అనలేదు. అదే నాకు బాధ. 1981లో కార్పొరేషన్‌కి మొదటి ఎన్నికలు జరిగి ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మేయరైనప్పటినుంచి ఈ ఊళ్ళో ఓటేస్తున్న మనిషి.

పైలైనునుంచి ఒకావిడని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించుకొచ్చారు మనవలు. తీరా చూస్తే ఆవిడ ఓటు కొండకి అవతల స్కూల్లో. మనవలు నీరసపడిపోయారు, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దాయన లేచి, ఎదుటి పార్టీ టేబుల్ దగ్గర బైకు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న కుర్రాణ్ణి పిలిచి, "ఒరే బాబూ, ఈ ఓటు మీదీ కాదు మాదీ కాదు, ఆవిడది. ఎక్కించుకెళ్ళి, వేయించి, మళ్ళీ ఇక్కడే దించు" అన్నారు. వాడు వాళ్ళ నాయకుడి వైపు చూశాడు. ఆ నాయకుడు ఏమనాలో తెలియక తలూపేశాడు. వెనకాల మనవడు పట్టుకుని కూర్చుంటే తీసుకెళ్ళాడు. ఆవిడ తిరిగొచ్చి సిరా వేలు అందరికీ చూపించింది. (ఆ కుర్రాడికి కూడా థ్యాంక్స్. వాళ్ళ పార్టీ గెలిచింది, మా చేత చెప్పించుకోవాల్సిన అవసరం లేదు, అయినా.)

భోజనానికి లేవమంటే లేవలేదు. షుగరుందట, జేబులో తెచ్చుకున్న అరటిపండు తిని మాత్ర వేసుకున్నారు. ఎవరో పంపిన పులిహోర మాత్రం మొహమాటానికి రెండు ముద్దలు తిన్నారు.

అయిదు కొట్టాక గేటు వేసేశారు. మేం బల్ల మడుస్తుంటే ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టారు. జాబితా చివరి పేజీ వెనక వైపు. దాని మీద రెండు వరసల్లో గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, అది అయిదు. మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం. పోర్టులో బస్తాలకి వేసే లెక్క. ఒక వరస మీద 'దొరికినవి', రెండో వరస మీద 'దొరకనివి' అని రాశారు. రోజంతా చీటీలు రాస్తూనే పక్కన ఈ లెక్క కట్టారన్నమాట, మాలో ఎవరూ గమనించలేదు. రెండో వరసలో చివరి గీత పక్కన చిన్న అక్షరాలతో 'నాది' అని ఉంది.

"ఇది ఆఫీసులో ఇయ్యమ్మా. ఎంతమందికి నేదో ఆళ్ళకి తెలవాలి గదా" అన్నారు.

నేను ఆ రోజు పొద్దుటినుంచి ఎవరి ముందూ బేజారు కాలేదు. మా ఏజెంటుతో గొడవైనా, 'ఆడవాళ్ళకెందుకు ఇవన్నీ' అని ఒకాయన అన్నా నవ్వి ఊరుకున్నాను. ఆ చిన్న 'నాది' చూశాక మాత్రం అక్కడే, సున్నం గీత మీద నిలబడి, మాస్కు తడిసిపోయేలా ఏడ్చాను. ఆయన ఇబ్బందిపడి, "ఊరుకో అమ్మా, ఊరుకో, చూస్తన్నారు" అంటూ గబగబా వెళ్ళిపోయారు.

బాబాయ్‌గారూ, మీ పేరు నాకు తెలుసు. నిన్న మీ ఇంటికొచ్చి ఇది రాస్తానంటే మీరొద్దన్నారు. "లిస్టులోనే నేదు, నీ రాతల్లో ఎందుకులే" అన్నారు. సరే, పేరు రాయను. కానీ ఈ వార్డులో ఆ రోజు చీటీ అందుకున్న ప్రతివాళ్ళకీ అది ఎవరి చేతిరాతో తెలియాలి.

ఇక ఆ కాగితం సంగతి. సోమవారం పట్టుకుని వెళ్ళాను, ఏ ఆఫీసో రాయను. కౌంటర్‌లో ఆయన ఇటూ అటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మా గీతలు? దీనికి ఫారం ఉంటుంది కదా" అన్నారు. ఎవరికి వాళ్ళు పెట్టుకోవాలట. "ఎన్నికలైపోయాయిగా, వచ్చేవాటికి చూద్దాం" అన్నారు. వచ్చేవి ఎప్పుడు? దీనికి ముందు జరిగింది 2007లో, అప్పుడు 72 వార్డులు. ఇప్పుడు అటు అనకాపల్లినుంచి ఇటు భీమిలి దాకా 98. అసెంబ్లీ జాబితాని వార్డులవారీగా విడగొట్టేటప్పుడు కొండవాలు ఇళ్ళని కిందినుంచి పైకి ఒక్కసారి నడిచి చూసినవాళ్ళుంటే మొగుడూ పెళ్ళాలు రెండు స్కూళ్ళకి పోయేవారు కాదు. కుర్చీలో కూర్చుని మెట్లు దిగిన ఆవిడ రెండు చోట్లకి తిరిగేది కాదు. ఓటెయ్యని జనాన్ని పోలింగ్ తక్కువని పేపర్లలో తిడతారు. వచ్చి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళ లెక్క నేను చూసినంతలో ఎవరి దగ్గరా లేదు, ఆ పెద్దాయన దగ్గర తప్ప.

ఇంకోటి కూడా. మా అత్తగారు నిన్న టీవీ చూస్తూ, "ఈవిడకి మనం వేశామా?" అని అడిగారు. వెయ్యలేదు. మనం కార్పొరేటరుకి వేస్తాం. కార్పొరేటర్లు, ఎక్స్అఫీషియో సభ్యులు (అంటే పదవిరీత్యా సభ్యులయ్యే ఎమ్మెల్యేలు, ఎంపీలలాంటివాళ్ళు) కలిసి చేతులెత్తి మేయర్ని ఎన్నుకుంటారు. ఒకప్పుడు మేయరుకి నేరుగా మనమే ఓటేసేవాళ్ళం, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వైఎస్సార్సీపీకి 58, తెలుగుదేశానికి 30 వచ్చాక నిన్నటి ఫలితం ఎలాగూ ముందే తెలిసిందే. మేయరెవరన్నది మాత్రం చివరి దాకా మనకి తెలియదు. గెలిచినవాళ్ళ తప్పని అనను, పద్ధతే అంత. నాకు నచ్చలేదు, చెప్పాను.

జనసేనకి మూడు, బీజేపీ, సీపీఐ, సీపీఎంలకి తలా ఒకటి, ఇండిపెండెంట్లకి నాలుగు. ఆ నలుగురిలో మా మనిషి లేరు. 14న, ఆదివారం, లెక్కింపు దగ్గరే మాకు అర్థమైపోయింది. ఓడినందుకు పెద్దగా బాధ లేదు. మా కొండ మీదికి ముగ్గురు అభ్యర్థులు నీళ్ళ గురించి మాట్లాడటానికి ఎక్కారు, ఇదివరకు ఒక్కరూ ఎక్కలేదు. గెలిచిన కార్పొరేటరుగారు మాట మీద ఉంటారనే అనుకుంటున్నాం. ఉండకపోతే మా ఇల్లు దూరమేం కాదు, మళ్ళీ వస్తాం.

పెద్దాయనకి ఫారం 6, అంటే ఓటరుగా పేరు ఎక్కించమని అడిగే దరఖాస్తు, నింపాం. 'దొరకనివి' వరసలో ఉన్న మిగతావాళ్ళు కూడా ఆధార్ జెరాక్సు, ఫోటో పట్టుకుని ఏ సాయంత్రమైనా మా ఇంటికి రండి, నింపిపెడతాం. కాగితం నా దగ్గరే ఉంది, కౌంటర్‌లో ఇవ్వలేదు.

అయ్యో, ఇంకా ఉన్నారు. లిస్టు జెరాక్స్ తీసి సగం డబ్బులే తీసుకున్న షాపు అబ్బాయి. మా బల్ల ఎదురింటి అక్క, ఆడపిల్లలం బాత్రూముకి ఎక్కడికి పోవాలో తెలియక అల్లాడుతుంటే పొద్దున్నే తలుపు తీసి, "అడక్కండమ్మా, వచ్చెయ్యండి" అన్నారు. గేటు దగ్గర ఎండలో నిలబడి అందరి చేతుల్లో శానిటైజర్ పోసిన ఆశా అమ్మాయిలు. తన కుర్చీ ముసలాళ్ళకి ఇచ్చి రోజంతా నిలబడ్డ లేడీ కానిస్టేబుల్. కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణ వద్దని నడుస్తున్న దీక్షా శిబిరంనుంచి నేరుగా వచ్చి బల్లలు మోసి, మళ్ళీ శిబిరానికి వెళ్ళిపోయిన ఇద్దరు అన్నయ్యలు. మజ్జిగ ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు. ఎవరైనా గానీ, ఉప్పు సరిగ్గా సరిపోయింది.

పులిహోర వచ్చిన పెద్ద స్టీలు గిన్నె, మూత మా ఇంట్లోనే ఉండిపోయాయి. మూత మీద పేరు చెక్కి ఉంది గానీ అరిగిపోయింది, చదవడం కావట్లేదు. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి, ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇంట్లో ఉండం.