కొత్త మెసేజ్‌లకూ పాత కట్టడి ఉండాలి

సంపాదకులకు,

ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఐఫోన్లకూ మధ్య మెసేజ్‌ల గోడ కూలిందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎస్సెమ్మెస్‌కు బదులు ఇంటర్నెట్ డేటా మీద నడిచే కొత్త మెసేజ్ పద్ధతి ఆర్‌సీఎస్, 2024 సెప్టెంబరులో ఐఫోన్లకు కూడా వచ్చిన మాట నిజమే. ఫొటోలు స్పష్టంగా వెళ్లడం, అవతలివాళ్లు చదివారో లేదో తెలియడం గురించి వివరంగా రాశారు. మన తెలుగుకు కలిగే లాభం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఒక ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 140 బైట్లు. ఇంగ్లిషులో అయితే అందులో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70కే సరి. ఆ 70 కూడా మనం బడిలో నేర్చుకున్న లెక్క కాదు. గుణింతం గుర్తు వేరు, ఒత్తు కోసం పెట్టే పొల్లు వేరు. శుభలేఖ మొదట రాసే ‘శ్రీ’ ఒక్కటే నాలుగు తినేస్తుంది. రెండు వాక్యాల కబురు మూడు మెసేజ్‌లయ్యేది, మూడింటికీ చార్జీ పడేది. పాత ఫోన్లలో తెలుగు లేకపోవడం ఒక కారణమైతే, మన పిల్లలు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టడం మరగడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఆర్‌సీఎస్ డేటా మీద నడుస్తుంది, ఈ 70 గొడవ దానికి లేదు.

ఇంత మంచిది మా ఇంట్లో దేనికి ఉపయోగపడిందంటే, అప్పుల ప్రకటనలకు! బంధువులంతా వాట్సాప్‌లోనే ఉన్నారు. మా ఆవిడ ఫోనుకు ఆర్‌సీఎస్ దారిన వచ్చినవన్నీ పెద్ద బొమ్మ, కింద బటన్, పేరు పక్కన టిక్కు మార్కుతో ‘మీకు లోన్ మంజూరైంది’ అనే రకం. టిక్కు ఉంది కదా, మన బ్యాంకు వాళ్లే అయ్యుంటారని ఆవిడ నొక్కబోయింది. ఇదేమీ కొత్త గొడవ కాదు. ఇలాంటి ప్రకటనల మీద ఫిర్యాదులు ఎక్కువై 2022లో గూగుల్ మన దేశంలో వాటిని కొంతకాలం ఆపాల్సి వచ్చింది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు కాల్స్‌నూ ఎస్సెమ్మెస్‌లనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి. పంపేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, మనం వద్దంటే ఆపాలి, ఆపకపోతే 1909కి ఫిర్యాదు చేయొచ్చు. డేటా మీద వచ్చే మెసేజ్‌కూ ఇదే వర్తిస్తుందని ట్రాయ్ సందేహానికి తావు లేకుండా రాసి, తెలుగులో కూడా ప్రకటించాలి. చూసేవాడికి రెండూ ఒకే ఇన్‌బాక్సులో వస్తున్నప్పుడు రెండు రకాల కట్టడి ఏమిటి?

ఇంకొక మాట. ఎస్సెమ్మెస్‌ను మూలన పడేయొద్దు. అమలాపురంలో ఉండే మా అక్కయ్యది కీప్యాడ్ ఫోను. తుపాను రోజుల్లో నెట్ పోయినా, సిగ్నల్ ఒక గీత ఉంటే ఎస్సెమ్మెస్ చేరుతుంది. బ్యాంకు ఓటీపీలూ, తుపాను హెచ్చరికలూ ఆ దారిలో కూడా రావాల్సిందే.

ప్రస్తుతానికి మా ఆవిడ ఫోనులో మెసేజ్‌ల సెట్టింగుల్లోకి వెళ్లి ఆర్‌సీఎస్ ఆపేశాను. లోన్ల బొమ్మలు ఆగాయి, ఓటీపీలు మామూలుగానే వస్తున్నాయి.

– విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి, రాజమహేంద్రవరం