తాబేలు వయసు ఒక్కటే వార్తా?

సంపాదకులకు,

సెయింట్ హెలెనా దీవిలోని జోనాథన్ అనే పెద్ద తాబేలు పుట్టినరోజు అనగానే పత్రికలన్నీ వయసు చెప్పి ఊరుకుంటాయి. 1882లో ఆ దీవికి తెచ్చేనాటికే అది పూర్తిగా ఎదిగిన తాబేలు. అందుకే 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా వేశారు. చూపు పోయి, వాసన కూడా తెలియని స్థితిలో ఆ పెద్దప్రాణికి పళ్లు, కూరగాయలు చేత్తో నోటికి అందించి తినిపించారు. నాకు వయసు కన్నా ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

ఇంత ఆయుష్షు ఎలా వచ్చిందన్నది అసలు రాయాల్సిన విషయం. శరీరంలో అన్నీ నిదానంగా జరగడం ఒక కారణం. 2018లో శాస్త్రవేత్తలు పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవులకు చెందిన లోన్‌సమ్ జార్జ్ అనే పెద్ద తాబేలు జన్యువులను పరిశీలిస్తే, డీఎన్‌ఏ మరమ్మతుకూ క్యాన్సర్‌ను అడ్డుకోవడానికీ సంబంధించిన జన్యువుల్లో ప్రత్యేక మార్పులు కనిపించాయి. అక్కడి పింటా దీవి జాతిలో చివరిదైన ఆ జార్జ్ 2012లోనే చనిపోయింది.

తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి బతకగలగడమే ఈ పెద్ద తాబేళ్ల కొంప ముంచింది. తాజా మాంసం కోసం నావికులు వీటిని ఓడల్లో వెల్లకిలా పేర్చి తీసుకుపోయారు. గుడ్లు పెట్టే వయసు రావడానికే ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది, ఇక పోయిన సంఖ్య తిరిగి రావాలంటే ఎన్ని తరాలు కావాలి? గాలపాగోస్‌లోని ఎస్పానోలా దీవిలో 15 తాబేళ్లతో మొదలైన సంరక్షణ ఫలించడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది. దయచేసి ఈసారి పుట్టినరోజు వార్త పక్కన ఈ కథ కూడా వేయండి.

- ఒక పాఠకురాలు