శ్రోతల సంఘం వార్షిక నివేదిక: 2024–25

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు కనుక నేరుగా ఈ ఏటి పనుల్లోకి వస్తాను. కార్యవర్గం ఆరుసార్లు సమావేశం కావలసి ఉండగా రెండుసార్లు కోరం లేక వాయిదా పడింది. నెలనెలా జరిగే పాత పాటల కూడిక మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం, రేడియోలో హిందీ పాటలు వినిపించిన వ్యాఖ్యాత అమీన్ సయానీ గారి ప్రథమ వర్ధంతి సభ. 2024 ఫిబ్రవరి 20న, 91 ఏళ్ల వయసులో, ఆయన ముంబైలో కన్నుమూశారు. ఈసారి ఆ తేదీ గురువారం పడింది. మేము ఒకరోజు ముందుకు జరిపి బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు సభ పెట్టాం. వర్ధంతి రాకముందే సభ ఏమిటని ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. కొలంబో నుంచి వచ్చే రేడియో సిలోన్‌లో ఆయన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా వచ్చేది బుధవారం రాత్రి ఎనిమిదింటికే కదా అని గుర్తు చేయగానే అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది వారే.

సరిగ్గా ఎనిమిదింటికి దీపాలు తగ్గించి, ఒక సభ్యురాలు దాచుకున్న క్యాసెట్ పెట్టాం. టేపు గరగరలాడింది. ఆ వెనకే "బహెనో ఔర్ భాయియో" అన్న పిలుపు వినిపించింది. అందరూ సోదరులను ముందు పిలిచే రోజుల్లో ఆయన అక్కచెల్లెళ్లను ముందు పిలిచారు. వెనక వరసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

తర్వాత ఒక సభ్యుడు తన నోటుపుస్తకం అందరికీ చూపించారు. వారం వారం ఏ పాట ఏ మెట్టు మీద ఉందో సిరాతో రాసుకున్న పట్టికలు అవి. సయానీ గారు వరుస సంఖ్య అనరు, 'పాయ్‌దాన్' అంటారు, అంటే మెట్టు. కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయి. దూరం నుంచి వచ్చే షార్ట్‌వేవ్ రేడియో శబ్దం అలలా పైకి లేచి మునిగిపోయిన క్షణాలవి. ఆ ఖాళీలను ఆ సభ్యుడు ఊహతో నింపలేదు. అది శ్రోత నిజాయితీ.

కొత్త సభ్యుల కోసం రెండు మాటలు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కరువైంది. దాంతో దేశమంతా కొలంబో వైపు రేడియో ముల్లు తిప్పింది. గీత్‌మాలా ఆ ఏడాది డిసెంబర్ 3న మొదలైంది. సయానీ గారు బొంబాయిలో రికార్డు చేస్తే టేపులు కొలంబోకు వెళ్లేవి. వారానికి ఆయనకు ముట్టింది 25 రూపాయలు. తొలి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పాటల స్థానాలు తేల్చడానికి రికార్డుల అమ్మకాలతో పాటు ఊరూరా ఉన్న శ్రోతల సంఘాలు పంపే జాబితాలనూ లెక్కలోకి తీసుకునేవారు. అంటే మన వంటి సంఘాల మాటకు ఆయన విలువ ఇచ్చారు. హిందీ బడిలో నేర్చుకోని తెలుగువారికి ఆయన మాట అర్థమయ్యేది. తల్లి కుల్సుమ్ సయానీ నడిపిన 'రహ్‌బర్' పత్రిక పనిలో చిన్ననాడే అలవడిన తేలిక భాష అది.

సభకు గ్రంథాలయ మందిరం ఇచ్చినవారికి, టేప్ రికార్డర్ బాగుచేసి పైసా తీసుకోని మెకానిక్‌కు, ఎనభై మందికి ఉప్మా, కాఫీ చేసి పెట్టిన మహిళా సభ్యులకు, కుర్చీలు మోసిన ఇద్దరు కళాశాల విద్యార్థులకు సంఘం రుణపడి ఉంది. కుర్చీల పనికి పేర్లిచ్చినవారు పదకొండు మంది. వచ్చినవారు ఆ ఇద్దరే. ఈ మాట నివేదికలో ఉండాలనే రాస్తున్నాను.

పాత తెలుగు అనౌన్సర్ల రికార్డింగుల నకళ్లు ఇప్పించమని సంబంధిత కార్యాలయానికి మూడు లేఖలు రాశాం. రెండుసార్లు స్వయంగా వెళ్లాం. "ఫైలు పైకి వెళ్లింది" అన్నారు. ఏడు నెలలైనా అది కిందికి రాలేదు. ఆ గొంతులు వినిపించినవారు ఒక్కొక్కరుగా వెళ్లిపోతుంటే, టేపులు బీరువాల్లో బూజుపట్టడం ఎలా సహించాలి?

జమాఖర్చుల పట్టిక జతచేశాం. ఆడిట్ అయింది. నిల్వ 4,180 రూపాయలు. చందా బాకీ ఉన్నవారు ఈరోజే కోశాధికారిని కలవాలి.

వచ్చే ఏడాదికి ఒకే పని పెట్టుకున్నాం. ఇళ్లలో ఉన్న క్యాసెట్లను సేకరించి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఎవరి దగ్గరైనా అరనిమిషం ఉన్నా చాలు, తెచ్చివ్వండి. ఇప్పటిదాకా వచ్చిన ముప్పై ఆరు క్యాసెట్లు మా ఇంట్లో బియ్యపు డబ్బా పక్కన, తేమ తగలని చోట ఉన్నాయి. ప్రతిదాని మీద ఇచ్చినవారి పేరు రాసి అంటించాను. ఆదివారాలు ఉదయం పది దాటాక ఎవరైనా రావచ్చు.

కార్యదర్శి