అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు ఒక చెరువు చుట్టూ నడక

సంపాదకులకు నమస్కారం.

వేసవి దగ్గర పడుతోందంటే చాలు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రుల కోసం మీ పత్రికలో వీసా గురించి, విమానంలో తీసుకువెళ్ళదగిన సామాను గురించి, ఆరోగ్య బీమా గురించి ఎన్నో వివరాలు వస్తుంటాయి. అక్కడికి చేరిన తరువాత ఆ ఐదారు నెలలూ ఎలా గడపాలన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. అల్లుడూ కూతురూ ఉద్యోగాలకు, మనవలు బడికి వెళ్ళిపోతే, కారు నడపడం రాని మాలాంటి వారికి నాలుగు గోడలే మిగులుతాయి. ఎప్పుడో ఒకసారి నయాగరాకో న్యూయార్క్‌కో తీసుకువెళ్తే అమ్మానాన్నలు సంతోషిస్తారని పిల్లలు అనుకుంటారు. సంతోషించిన మాట నిజమే కానీ, ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న స్టేట్ పార్కులో (రాష్ట్ర ప్రభుత్వం చూసుకునే ప్రకృతి వనంలో) వారానికి రెండుసార్లు నడవడం వల్ల మా దంపతులకు కలిగిన మేలు ఆ దూర ప్రయాణాల వల్ల కలగలేదు.

మా అమ్మాయి కుటుంబం టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఉంటుంది. నగరానికి దక్షిణాన ఉన్న రాడ్నార్ లేక్ స్టేట్ పార్కును అందరూ సరస్సు అంటారు గానీ, నా దృష్టిలో అది అచ్చంగా చెరువే. ఆవిరి ఇంజన్లకు నీళ్ళు కావలసి, 1914లో ఒక రైల్వే కంపెనీ ఓటర్ క్రీక్ అనే వాగుకు అడ్డంగా కట్ట వేస్తే నిలిచిన 85 ఎకరాల నీరు అది. కట్ట ఉంది, అలుగు ఉంది, చుట్టూ అడవి ఉంది. రైల్వేకు ఆ నీటితో అవసరం తీరిపోయాక భూమి చేతులు మారి, అక్కడ ఇళ్ళు లేవబోతుంటే చుట్టుపక్కల జనం ఊరుకోలేదు. వేలమంది ఇచ్చిన విరాళాలకు ప్రభుత్వ సొమ్ము తోడై 1973లో ఆ స్థలం రాష్ట్రానికి దక్కింది. టెనెసీలో అధికారికంగా ప్రకటించిన మొట్టమొదటి రక్షిత ప్రకృతి ప్రాంతం అదే. మేము వెళ్ళినన్ని సార్లూ లోపలికి వెళ్ళడానికి రుసుమేమీ అడగలేదు.

అక్కడి కొండ దారులు నిటారుగా ఉంటాయి కనుక మావంటి వయసు వారు వాటి జోలికి వెళ్ళనవసరం లేదు. నీటి అంచునే సాగే లేక్ ట్రయల్ పట్టుకుని, కట్ట వైపుగా వెళ్ళి, కార్లు తిరగని పాత రోడ్డు మీదుగా వెనక్కి వస్తే సుమారు రెండున్నర మైళ్ళు, అంటే నాలుగు కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు స్వల్పం. మేము మధ్య మధ్య కూర్చుంటూ రెండు గంటల్లో పూర్తి చేసేవాళ్ళం. ఎండ ఎక్కకముందే బయలుదేరిన రోజున ఓక్, హికరీ చెట్ల నీడ దారి పొడవునా వెంట వచ్చేది. ఒక ఉదయం, నీళ్ళలో పడి ఉన్న దుంగ మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుస తీరి ఏడు తాబేళ్ళు మెడలు చాచి ఎండ కాచుకుంటున్నాయి. మా వారు దగ్గిన చప్పుడుకు ఒక్కొక్కటే జారి నీళ్ళలో పడ్డాయి; చివరిది, అన్నిటికన్నా చిన్నది, మావైపు చూస్తూ కాసేపు అక్కడే ఆగింది. అక్కడ జింకలు కూడా మనిషిని చూసి వెంటనే పారిపోవు. వాటి నమ్మకం చెడకుండా ఉండాలంటే మనం మెల్లగా మాట్లాడాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. ఈ దారుల్లో కుక్కలను తీసుకువెళ్ళడం, పరుగెత్తడం, సైకిల్ తొక్కడం కుదరదు. వాటికి ఆ పాత రోడ్డు ఒక్కటే. దారి విడిచి లోపలికి నడవకూడదు, పువ్వు కోయకూడదు, బాతులకు బ్రెడ్డు వేయకూడదు. ఎవరో వద్దన్నారని కాక, నలుగురూ చందాలు వేసుకుని కాపాడుకున్న చోటని తలచుకుంటే ఈ నియమాలు బరువనిపించవు. ఫోనులో పాటలు గట్టిగా పెట్టుకుని నడిచే మనవాళ్ళను అక్కడ ఒకటి రెండుసార్లు చూసి నేను నిజంగా బాధపడ్డాను.

దారి తప్పితే జరిగే నష్టం మాకు అనుభవమే. ఫొటో కోసం మా వారు నాలుగడుగులు పక్కకు వేసి, పాయిజన్ ఐవీ తీగను మోచేతితో ఒరుసుకున్నారు. ఒక్కో కాడకు మూడేసి ఆకులుండే ఈ తీగ మన మామిడి, నల్లజీడి కుటుంబానికి చెందినదే. నల్లజీడి రసం తగిలితే ఒళ్ళు ఎలా పొక్కుతుందో తెలిసిన వారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. రెండో రోజున మొదలైన దురద రెండు వారాలకు గానీ తగ్గలేదు. తగిలినట్టు అనుమానం వస్తే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. పిడుదుల బెడద కూడా ఉంటుంది కనుక నిండు ప్యాంటు వేసుకుని, దాని అంచులు సాక్సులోకి దోపుకుని, ఇంటికి రాగానే మోకాళ్ళ వెనుక, చంకల్లో, చెవుల వెనుక చూసుకోవడం తప్పనిసరి. చీర కుచ్చిళ్ళతో, హవాయి చెప్పులతో ఈ నడక సాగదు. గట్టి పట్టున్న బూట్లు, ఒక నీళ్ళ సీసా చాలు.

టెనెసీలోనే యాభైకి పైగా స్టేట్ పార్కులున్నాయి. మిగతా రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కొన్నిచోట్ల ప్రవేశ రుసుము ఉంటుంది, వేళలు వేరుగా ఉంటాయి. పిల్లలు పార్కు వెబ్‌సైటులో ముందుగా చూసుకుని, తేలిక దారి ఏదో తెలుసుకుని, ఆఫీసుకు వెళ్తూ అమ్మానాన్నలను అక్కడ దింపి వెళ్ళినా సరిపోతుంది. వీసా, బీమా వివరాలతో పాటు ఈ నడక దారుల గురించి కూడా మీరు ఒక అరపేజీ కేటాయించి, ఏప్రిల్ లోపలే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు