ఆ గడుల్లో నీ అంకెలు వెయ్యి

ఒరేయ్,

కొత్త కారు కొంటే ఎంత ఖర్చవుతుందని కాలిక్యులేటర్‌లో వేసి నువ్వు పంపిన లెక్క చూశాను. కిలోమీటరుకి ఇంత తక్కువ పడుతుందా అని సంబరపడ్డావు గానీ, నాకు ఒక గడి దగ్గర అనుమానం వచ్చింది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు అని ఉంది చూడు, అది నువ్వు వేసిన అంకె కాదు, ఆ కాలిక్యులేటర్‌లో ముందే నింపి ఉన్నది. రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్లేవాడివి, ఎంత తిప్పినా 6,000 దాటదు. పెట్రోలు ఖర్చు తిరిగినదాన్ని బట్టే ఉంటుంది. ఇన్సూరెన్సు మాత్రం బండి కదలకపోయినా కట్టాల్సిందే. అలాంటి ఖర్చంతా 15,000 బదులు 6,000 మీద పడితే కిలోమీటరుకి రెండున్నర రెట్లు అవుతుంది.

తరుగుదల గడిని ఖాళీగా వదిలేశావు. అసలు కథంతా అక్కడే ఉందిరా! కొన్న ధరలోంచి అమ్మితే వచ్చేది తీసేస్తే మిగిలేదే ఆ అంకె. కొత్త బండికి చాలాసార్లు అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే, నెలనెలా జేబులోంచి పోదు కాబట్టి కనపడదు. అదే మోడల్ ఐదేళ్ల పాతది ఇప్పుడు ఎంతకి పోతోందో చూసి వెయ్యి. అది వేశాక ఈఎమ్‌ఐ మొత్తం మళ్లీ కలపకు, ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొస్తుంది. వడ్డీ వరకే కలుపు.

మైలేజీ గడిలో కంపెనీ అంకె వద్దు, అది ల్యాబులో రోలర్ల మీద కొలిచింది. ఆ బండి వాడుతున్న వాళ్లెవరినైనా అడుగు: ట్యాంకు నిండా పోయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో. మూడు నాలుగు సార్లు కొలిస్తే సగటు తెలుస్తుంది.

మీ అన్నయ్య బండి సంగతి కూడా అడిగావు కదా. లీటరుకి 10 కిలోమీటర్లు ఇచ్చేది తీసేసి 12 ఇచ్చేది కొంటే పెద్ద తేడా ఏముంటుందిలే అన్నావు. వెయ్యి కిలోమీటర్లకి 100 లీటర్లు తాగేది 83కి దిగుతుంది, అంటే 17 లీటర్లు మిగులు. నువ్వు 20 నుంచి 25కి మారితే 50 కాస్తా 40 అవుతుంది, మిగిలేది 10 లీటర్లే. అందుకే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చూడటం నాకిష్టం.

నా టైర్ల గొడవ చెప్పలేదు కదూ? 185/65 ఆర్15 సైజువి తీసి, కాస్త వెడల్పైన 195/65 వేయించాను. మైలేజీ 18 నుంచి 17.6కి పడింది. ఇంజనుకి ఏమైందోనని వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి టైర్ సైజు కాలిక్యులేటర్‌లో వేస్తే, చక్రం వ్యాసం 621.5 మిల్లీమీటర్ల నుంచి 634.5కి పెరిగిందని చూపించింది. అంటే రెండు శాతం. చక్రం పెద్దదైతే అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు లెక్కపెట్టేది ఆ చుట్లనే. బండి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు 980 మాత్రమే చూపిస్తోందన్నమాట! స్పీడు కూడా అంతే, మీటరు మీద 100 ఉన్నప్పుడు ఇదివరకటి కంటే రెండు కిలోమీటర్లు ఎక్కువే పోతున్నాను. మైలేజీ నిజంగా పడిపోలేదని తెలిసి ఆ రోజు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

సున్నా నుంచి వంద స్పీడు అందుకోవడానికి ఎన్ని సెకన్లు అని లెక్కగట్టే కాలిక్యులేటర్లని మాత్రం పట్టించుకోకు. చాలావరకు బరువు, పవర్ చూసి చెప్పేస్తాయి. గేర్లు మార్చడానికి పట్టే టైము, టైర్ల పట్టు వాటికి తెలియవు.

సర్వీసింగ్ ఖర్చు దగ్గర నీ పాత బండి బిల్లులు పనికొస్తాయి, తీసి ఉంచు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఇద్దరం కూర్చుని ఒక్కో గడీ మళ్లీ నింపుదాం. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

నీ
నేస్తం